పిల్లప్పటి బొచ్చు

జర్మన్ షెపర్డ్ పిల్లను కొని తెచ్చుకున్న ఇళ్లలో నాలుగైదు నెలలు తిరిగేసరికి ఒక అనుమానం మొదలవుతుంది. తెచ్చిన రోజున దాదాపు ఒళ్లంతా నలుపే, పాదాల దగ్గరా మూతి పక్కలా మాత్రం కాస్త గోధుమరంగు. ఇప్పుడు చూస్తే కాళ్లు, తొడలు, మెడ, తల అన్నీ గోధుమరంగులోకి తిరిగాయి, నలుపంతా వీపు మీదికి జరిగిపోయింది. జాతికుక్క అని చెప్పి ఏదో సంకరాన్ని అంటగట్టారని ఒకరంటారు. తిండి చాలక రంగు వెలిసిందని ఇంకొకరు. షాంపూ పడలేదని మరొకరు. పామేరియన్ కొన్నవాళ్ల దిగులు ఇంకో రకం. గుండ్రంగా, ఒళ్లంతా బొచ్చుతో ముద్దొచ్చిన పిల్ల ఐదో నెలలో ఆ బొచ్చు రాల్చుకుని, పొడుగు కాళ్లూ సన్నమూతీ బయటపెట్టుకుని, మనం కొన్నది ఇదేనా అనిపించేలా తయారవుతుంది.

ఈ మాటలన్నిటి అడుగునా ఒకే నమ్మకం ఉంది. కుక్కకు పుట్టుకతో ఒక రంగూ ఒక బొచ్చూ వస్తాయి, తర్వాత వాటికి ఏదో అవుతుంది, అంటే వెలుస్తాయి, చెడతాయి అని. కానీ చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకలో జీవం ఉండదు. దానికి నెత్తురు అందదు, కొత్తగా రంగు చేర్చుకునే దారీ లేదు. నల్లగా ఉండాలా ఎర్రగా ఉండాలా, మెత్తగా ఉండాలా ముతగ్గా ఉండాలా అన్నది చర్మం లోపల అది తయారవుతున్నప్పుడే తేలిపోతుంది. నేసిన బట్ట మీద బొమ్మ వేసే కలంకారీ పద్ధతి కాదిది, నూలుకు ముందే రంగు కట్టి ఆ తర్వాత మగ్గమెక్కించే పోచంపల్లి పద్ధతి. కాబట్టి పెరుగుతున్న పిల్ల వేరే రంగులో కనిపిస్తోందంటే పాత వెంట్రుకలకు ఏదో అయిందని అర్థం చేసుకోకూడదు. వేరే ఆదేశం ప్రకారం తయారైన కొత్త వెంట్రుకలు, లేదా పాత వెంట్రుకల మొదట్లో కొత్తగా పెరిగిన భాగం, బయటికి వచ్చాయన్నమాట. జన్యువులు కుక్కకు రంగుల జాబితాతో పాటు ఒక కాలక్రమాన్ని కూడా ఇస్తాయి. ఏ వయసులో, ఒంటి మీద ఏ చోట, ఎంతకాలం ఏం తయారుచేయాలో అందులో ఉంటుంది. బొచ్చు విషయంలో మనల్ని తికమకపెట్టే సంగతులు చాలావరకు ఈ రెండోదాన్ని మరిచిపోవడం వల్ల వచ్చినవే.

వెంట్రుక పుట్టే చోటైన రోమకూపం ఆగకుండా పనిచేయదు. కొంతకాలం వెంట్రుకను పెంచుతుంది, తర్వాత కుంచించుకుపోతుంది, కొన్నాళ్లు ఊరుకుంటుంది. మళ్లీ పని మొదలుపెట్టాక కొత్త వెంట్రుక పైకొస్తుంది, పాతది ఊడిపోతుంది. ప్రతి విడతలోనూ కూపం వెనకటి వెంట్రుకనే అచ్చుగుద్దినట్టు తయారుచేయాలని నియమమేమీ లేదు. పదేళ్ల కుర్రవాడి బుగ్గ మీద కనీకనపడని నూగును పెంచిన కూపమే పద్దెనిమిదో ఏట అదే చోట గడ్డం వెంట్రుకను పెంచుతుంది. కొత్త కూపం ఎక్కడినుంచీ రాలేదు, ఉన్నదానికే హార్మోన్ల నుంచి కొత్త కబురు అందింది. కుక్కపిల్లలో మార్పు ఇంతకంటే పెద్దది. పుట్టినప్పుడు దాని చర్మంలో ఒక్కో కూపం నుంచి ఒక్కో వెంట్రుకే వస్తుంది. పెద్ద కుక్క చర్మాన్ని భూతద్దంతో చూస్తే ఒకే రంధ్రంలోంచి ఒక ముతక వెంట్రుకా, దానితో పాటు ఎన్నో సన్నని వెంట్రుకలూ గుంపుగా వస్తుంటాయి. ఆ తోడు కూపాలు పుట్టాక, మొదటి కొన్ని నెలల్లో ఏర్పడతాయి. అందుకే పిల్లప్పటి బొచ్చు మెత్తగా ఉంటుంది, ఇట్టే తడిసిపోతుంది, పైబొచ్చు, లోబొచ్చు అన్న తేడా అందులో సరిగ్గా కనపడదు. పుట్టిన కొత్తలో పిల్ల ఒంటి వేడి పెద్ద కుక్కకంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ. వణికి వేడి పుట్టించుకోవడం కూడా దానికి చేతకాదు. అప్పుడు దాన్ని వెచ్చగా ఉంచేది తల్లి పొట్టా, పక్కన పడుకున్న తోబుట్టువులూ. బొచ్చు పాత్ర తక్కువే. ఒంటరిగా ఎండావానల్లో తిరిగే వయసు వచ్చేసరికి ఆ పాత ఏర్పాటు చాలదు. పామేరియన్‌లో నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య కనిపించే ఆ వికారం పాతది రాలడానికీ కొత్త రెండు వరసల బొచ్చు నిండడానికీ మధ్య ఉండే ఖాళీ. కర్నూలు జిల్లా పందికోన కుక్కలోనూ తమిళనాడు రాజపాళయంలోనూ బొచ్చు పొట్టిగా ఉంటుంది కాబట్టి ఇదే మార్పు ఎవరి కంటా పడకుండా జరిగిపోతుంది. పాడి ఉన్న ఇళ్లవాళ్లకు దీనికి తలకిందులైన ఉదాహరణ తెలుసు. గేదె దూడకు ఒంటి నిండా దట్టంగా బొచ్చు ఉంటుంది, ఈతకొచ్చిన గేదెకు చర్మం మీద అక్కడక్కడా నాలుగు వెంట్రుకలు మిగులుతాయి.

ఇక రంగు. కుక్క వెంట్రుకలో ఉండే రంగుపదార్థాలు రెండే: నలుపు, ముదురు గోధుమ ఛాయలనిచ్చే యూమెలనిన్, పసుపు, ఎరుపు ఛాయలనిచ్చే ఫియోమెలనిన్. రెండూ ఒకే కణంలో, మెలనోసైట్‌లో తయారవుతాయి. ఆ కణం పైపొరలో ఎంసీ1ఆర్ అనే గ్రాహకం ఉంటుంది. అది పనిచేస్తున్నంతసేపూ కణం నలుపును తయారుచేస్తుంది, అగౌటి అనే ప్రోటీన్ వచ్చి దాన్ని అడ్డగిస్తే పసుపుకు మారుతుంది. ఈ అగౌటి రంగు తయారుచేసే కణంలోంచి రాదు, కూపం అడుగున ఉండే చిన్న బుడిపెలోని కణాలు దాన్ని పంపుతాయి. అంటే రంగు వేసే పని ఒకరిది, ఏ రంగన్న ఆజ్ఞ పక్కవాడిది. 2021లో డానికా బానాష్ బృందం ప్రచురించిన పరిశోధన ఆ అగౌటి జన్యువుకు రెండు మీటలు ఉన్నాయని, వాటిలోని తేడాల కలయికల వల్లే కుక్కల్లో ఐదు రకాల నమూనాలు వస్తున్నాయని చూపించింది. ఒక మీట పొట్టవైపు ఎంత పసుపు ఉండాలో చూస్తుంది, రెండోది వెంట్రుక పెరిగే కాలంలో ఏ దశలో పసుపు పట్టీ రావాలో చూస్తుంది. ఒకటి చోటును శాసిస్తుంది, ఒకటి సమయాన్ని. (వాటిలో లేత పసుపుకు కారణమైన రూపం కుక్కలకంటే ఎంతో పాతదనీ, ఇరవై లక్షల ఏళ్లకు ముందే తోడేళ్ల నుంచి విడిపోయి తర్వాత అంతరించిన ఒక జంతువు దగ్గర్నుంచి వచ్చిందనీ వాళ్లు తేల్చారు. మన వాదానికి ఇది అవసరం లేదు, కానీ చెప్పకుండా ఉండటం కష్టం.) జర్మన్ షెపర్డ్, బీగిల్, ఎయిర్‌డేల్ పిల్లల్లో పుట్టినప్పుడు నల్ల వెంట్రుకలనిచ్చిన కూపాలే నెలలు గడిచేకొద్దీ కాళ్ల వైపునుంచి పైకి ఒక్కో ప్రాంతంగా పసుపు ఆజ్ఞలోకి వస్తాయి. నలుపు వెలిసిపోతున్నట్టు మనకు కనిపించేది అదే. బీగిల్ పిల్ల తెలుపు నలుపుల్లో పుట్టి మూడు రంగుల కుక్కగా ఎదగడమూ ఇదే. ఇది ఖరీదైన జాతులకే దక్కిన విశేషమేమీ కాదు. మన వీధుల్లో పుట్టే గోధుమరంగు పిల్లల్లో తరచు మూతీ వీపూ మసిబారినట్టుంటాయి, ఏడాది తిరిగేసరికి ఆ మసి చాలావరకు కనపడదు.

రంగు సంగతి సరే, బొచ్చు పొడుగుకూ కాలక్రమానికీ ఏమిటి సంబంధం అనవచ్చు. నిజానికి ఈ వాదానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం అక్కడే ఉంది. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 80 జాతులకు చెందిన వెయ్యికి పైగా కుక్కల జన్యువులను పోల్చి చూసి, మన కంటికి లెక్కలేనంత వైవిధ్యంగా కనిపించే కుక్కబొచ్చును చాలావరకు మూడే జన్యువులతో వివరించవచ్చని తేల్చింది. ఒకటి మీసాలనూ గుబురు కనుబొమలనూ, ఒకటి ఉంగరాలనూ, ఒకటి పొడుగునూ నిర్ణయిస్తాయి. పొడుగును నిర్ణయించే ఎఫ్‌జీఎఫ్5 చేసేది వెంట్రుకను సాగదీయడం కాదు. పెరిగింది చాలు, ఇక ఆపమని కూపానికి చెప్పడం దాని పని. ఆ మాట వినిపించిన కుక్కకు పొట్టి బొచ్చు, వినిపించని కుక్కకు పొడుగు బొచ్చు. అందుకే ఒకే ఈతలో పుట్టిన పొట్టిబొచ్చు, పొడుగుబొచ్చు పిల్లలను మొదటి రోజుల్లో వేరుచేయడం కష్టం. ఆపమనే మాట ఇంకా ఎవరికీ రాలేదు, వెంట్రుకలన్నీ ఒకే పొడుగున్నాయి. పొడుగు అనే లక్షణం కూడా లోపల సమయం రూపంలోనే రాసి ఉందన్నమాట.

ఈ వాదానికి బలమైన అభ్యంతరం డాల్మేషియన్. అది తెల్లగా, ఒక్క మచ్చ కూడా లేకుండా పుడుతుంది. పది పద్నాలుగు రోజులకు మచ్చలు తేలడం మొదలవుతుంది. అప్పటికి పిల్లబొచ్చు రాలనే లేదు, కొత్త విడత వెంట్రుకలు మొదలుకాలేదు. మరి ఈ మచ్చలు ఎక్కడివి? జవాబు కోసం పుట్టుకకు ముందుకు వెళ్లాలి. మెలనోసైట్లు పిండదశలో వెన్ను పొడవునా ఉండే ఒక కణాల పట్టీలో పుట్టి, రెండు పక్కలా దిగి చర్మమంతటా వ్యాపిస్తాయి. దూరపు చోట్లకు, అంటే రొమ్ముకు, కాలివేళ్లకు, తోక కొసకు, చివరగా చేరతాయి, కొన్నిసార్లు చేరనే చేరవు. వీధికుక్కల్లో కూడా తెలుపు ఎక్కువగా ఆ చోట్లనే కనిపించడానికి కారణం అదే. డాల్మేషియన్‌లో ఈ ప్రయాణం మరీ తక్కువ దూరంలో ఆగిపోతుంది, కాబట్టి కూపాల్లో రంగు వేసేవాళ్లే ఉండరు. అయితే 2021లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం యూఎస్‌హెచ్2ఏ అనే జన్యువు ప్రాంతంలో ఒక ముక్క రెండుసార్లు రాసి ఉన్న కుక్కల్లో, తెల్లగా పుట్టిన చోట్ల పుట్టాక రంగు మొదలవుతుంది. డాల్మేషియన్ మచ్చలకూ ఆ తేడా తోడవుతుంది. కాబట్టి మచ్చ అంటే ఉన్న తెల్లవెంట్రుక నల్లబడటం కాదు, పెరుగుతూనే ఉన్న వెంట్రుకకు అడుగున ఆలస్యంగా రంగు అందడం. పిల్లను తడిపి చూస్తే వెంట్రుక మీద ఏమీ లేకముందే చర్మం మీద మచ్చ కనిపిస్తుందని పెంపకందారులు చెప్పేది దీనితో సరిపోతుంది. అభ్యంతరం మన వాదాన్ని కొట్టేయకపోగా, కాలక్రమం రాలడానికే పరిమితం కాదని చూపిస్తోంది.

డాల్మేషియన్ విషయంలో ఇక్కడితో ఆగడం న్యాయం కాదు. మెలనోసైట్లకు చర్మంలో రంగు వేయడమొక్కటే పని కాదు. లోపలి చెవిలోనూ అవి ఉండాలి, లేకపోతే శబ్దాన్ని పట్టే కణాలు పుట్టిన మూడు నాలుగు వారాలకే క్షీణిస్తాయి. అమెరికాలో పరీక్షించిన డాల్మేషియన్లలో సుమారు పదింటికి మూడు, ఒక చెవికో రెండు చెవులకో చెవిటివని తేలింది. కొన్ని పిల్లలు పుట్టుకతోనే ఒక పెద్ద నల్లపట్టుతో పుడతాయి, ఎక్కువగా చెవి దగ్గర. అంటే మెలనోసైట్లు అక్కడిదాకా వెళ్లాయన్నమాట. ఆ పిల్లల్లో చెవుడు తక్కువని కూడా తేలింది. కానీ ప్రదర్శనల ప్రమాణాలు మచ్చలను మెచ్చుకుని పట్టును తప్పుగా లెక్కిస్తాయి కాబట్టి, తరతరాలుగా పెంపకానికి ఎంచుకున్నవి పట్టులేని పిల్లలే. అందం కోసం పెట్టుకున్న నియమం చెవుడును ఏరి పెంచినట్టయింది. ఇది వింతగా తీసుకుని నవ్వుకునే సంగతి కాదు, ఆ నియమాన్ని మార్చాల్సిన సంగతి.

వయసుతో తెల్లబడే జాతుల కథ వేరు. కెర్రీ బ్లూ టెర్రియర్ నల్లగా పుడుతుంది, మధ్యలో గోధుమ ఛాయలు పోతుంది, చివరికి నీలిబూడిద రంగుకు వస్తుంది. 18 నెలలు దాటినా నల్లగానే ఉంటే అమెరికా ప్రమాణాల ప్రకారం పనికిరాదు. యార్క్‌షైర్ టెర్రియర్ నలుపు కూడా ఉక్కురంగుకు దిగుతుంది, కొన్ని పూడిల్స్ నల్లగా పుట్టి వెండిరంగుకు మారతాయి. క్లారెన్స్ కుక్ లిటిల్ కుక్కల రంగుల వారసత్వం మీద 1957లో రాసిన పుస్తకంలో ఈ క్రమంగా నెరిసే లక్షణానికి ‘జి’ అని ఒక అక్షరం కేటాయించాడు. గుర్రాల్లో ఇలాంటి లక్షణం ఇంకా బాగా తేలింది. తెల్లగుర్రాలని మనం అనేవి చాలావరకు ముదురు రంగులో పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడినవి. వాటిలో ఎస్‌టీఎక్స్17 అనే జన్యువులో ఒక ముక్క రెండుసార్లు రాసి ఉందని 2008లో కనుక్కున్నారు. తాత తల నెరవడానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇది ముసలితనం కాదు, యౌవనంలోనే జరిగే పని. అయితే ఇక్కడ నిజంగా ఒక వెంట్రుకే నల్లగా ఉండి తెల్లబడుతోందేమోనన్న అనుమానం రావడం సహజం. ఆ జాతుల్లో బొచ్చు చాలాకాలం రాలకుండా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఒకే వెంట్రుకలో కొస నల్లగా, మొదలు లేతగా కనిపించే అవకాశం ఉంది. అలా కనిపించినా అది వెంట్రుక రంగు మారినట్టు కాదు, కొస తయారైన నెలలో ఒక ఆజ్ఞ, మొదలు తయారైన నెలలో ఇంకో ఆజ్ఞ. మనుషుల్లో 2021లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక్కో వెంట్రుకను పొడవునా పరిశీలించి, నెరిసినవాటిలో కొన్ని మొదలు వైపు నుంచి మళ్లీ రంగు పుంజుకున్నాయని చూపించారు. అప్పుడు కూడా తెల్లబడ్డ భాగం తెల్లగానే ఉంది.

తిండి, ఎండ మాటేమిటి? వాటికి ప్రభావం లేదనడం అబద్ధం. ఎండ బయటి వెంట్రుకలోని రంగును నిజంగానే విరగ్గొడుతుంది. తయారైన వెంట్రుక రంగు మారదన్న సూత్రానికి ఇది నిక్కమైన మినహాయింపు, కాకపోతే అది కొసలకూ వీపుకూ పరిమితం, మొదట్లో పాయ తీసి చూస్తే అసలు రంగు ఉంటుంది. తిండి విషయం ఇంకా ఆసక్తికరం. మెలనిన్ తయారయ్యేది టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి. నల్లకుక్కలకు టైరోసిన్, దాని ముందు రూపమైన ఫినైల్‌అలనిన్ తగ్గించి పెడితే నలుపు ఎర్రఛాయకు దిగుతుందనీ, ఒంటి పెరుగుదలకు సరిపోయే మోతాదు నలుపుకు సరిపోదనీ ప్రయోగాల్లో తేలింది. కాబట్టి అన్నం, పెరుగు మాత్రమే తిని పెరిగిన నల్లపిల్ల ఎర్రబారిందంటే యజమానిని అనుమానించాల్సిందే. కానీ ఆ లోటు ఒంటి మీది నలుపంతటినీ సమానంగా పలచబరుస్తుంది. కాళ్లనుంచి పైకి, రెండు పక్కలా ఒకే కొలతలో, వీపు దగ్గర ఆగిపోయే మార్పును ఏ తిండీ గీయలేదు. సియామీస్ పిల్లిని కూడా ఇక్కడ ముందుకు తెస్తారు. తల్లి కడుపులో వెచ్చగా ఉన్నంతకాలం దాని రంగు ఎంజైమ్ పనిచేయదు, అందుకే పిల్లలు దాదాపు తెల్లగా పుట్టి, చల్లబడే చెవులు, మూతి, తోక, కాళ్ల దగ్గర నల్లబడతాయి. అక్కడ వయసు కాదు, వేడిమి నడిపిస్తోంది. ఒప్పుకోవాలి. అయితే ఆ పిల్లికి ఒక పక్క గొరిగితే ముదురు రంగులో వచ్చేది కొత్త వెంట్రుక. పాతది అలాగే ఉంటుంది.

గొరగడం మాట వచ్చింది కాబట్టి ఇంకో నమ్మకం. పిల్లలకు పుట్టు వెంట్రుకలు తీయించడం మొక్కు, దాని సంగతి భక్తి చూసుకుంటుంది. కానీ గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాటను తెచ్చి కుక్కపిల్లలకు కూడా వర్తింపజేసేవాళ్లు ఉన్నారు. వేసవికి ముందు పామేరియన్‌ను, హస్కీని నున్నగా గొరిగించి కొత్త బొచ్చు కోసం ఎదురుచూస్తారు. కత్తి తాకేది చచ్చిన భాగాన్ని, కూపానికి ఆ సంగతే తెలియదు. గడ్డం గీయడం వల్ల వెంట్రుక మందమూ పెరిగే వేగమూ మారవని మిల్‌డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలిచి చూపింది. కుక్కల్లో లాభం లేకపోవడమే కాదు, నష్టం కూడా ఉంది. చౌచౌ, హస్కీ, పామేరియన్ లాంటి దట్టమైన లోబొచ్చు జాతుల్లో కూపాలు చాలాకాలం ఊరుకునే దశలో ఉంటాయి. గొరిగిన చోట నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాటినా వెంట్రుక రాదు. ఇది కూడా కాలక్రమం సంగతే. కూపానికి పని మొదలుపెట్టే వేళ రాకపోతే కత్తి దాన్ని లేపలేదు.

ఇంతకీ ఈ మార్పు వల్ల కుక్కకు ఉపయోగమేమిటన్న ప్రశ్న మిగిలింది. తోడేలు పిల్లలు కూడా ముదురు రంగులో పుడతాయి కాబట్టి ఇది బొరియలో దాక్కోవడానికి పనికొచ్చిన పాత లక్షణమని సులువుగా చెప్పేయవచ్చు. కొండముచ్చు పిల్ల ముదురు రంగులో పుట్టి కొన్ని నెలలకు పెద్దల బూడిదరంగుకు వస్తుంది. అక్కడ ఆ రంగు గుంపులోని ఆడవాటిని పిల్ల వైపు ఆకర్షిస్తుందని కొందరు వాదిస్తారు. కుక్క దగ్గర ఇలాంటి కథలను నేను నమ్మను. తోడేలు నుంచి వచ్చిన ముదురు రంగు సంగతి ఏమైనా, కెర్రీ బ్లూ నీలానికీ యార్క్‌షైర్ ఉక్కురంగుకూ ప్రకృతి ఎంపిక సంబంధం లేదు. మనిషి ఎంచుకున్నది పెద్దకుక్క రంగును. పిల్లప్పటి రూపం గురించి ఏ పెంపకందారుడూ పట్టించుకోలేదు, అది దారిలో ఎలా పడితే అలా మిగిలింది. అందుకే జాతికో రకంగా ఉంది. ప్రతి దశకూ ప్రయోజనం వెతకడం మన అలవాటు, కూపానికి ఆ పట్టింపు లేదు.

కొనేవాళ్లకు పనికొచ్చేది ఇందులోంచి కొంత ఉంది. పిల్లను చూసి పెద్దకుక్కను ఊహించడానికి దాని ఒంటి రంగుకంటే తల్లిదండ్రుల రూపం నమ్మదగినది. గోల్డెన్ రిట్రీవర్ పిల్లల్లో చెవులు తక్కిన ఒంటికంటే ముదురుగా ఉంటాయి, పెద్దయ్యాక రాబోయే రంగు దాదాపు అదే. కొత్త బొచ్చు ముందుగా వచ్చే చోట్లలో వెన్ను ఒకటి, కాబట్టి అక్కడ తేలే గీతను చూసినా తెలుస్తుంది. ఇక రాలడం విషయంలో ఒక్క జాగ్రత్త. మామూలు మార్పులో బొచ్చు పలచబడుతుంది తప్ప చర్మం నున్నగా బయటపడదు, ఎర్రబడదు, దురద పెట్టదు. డెమోడెక్స్ అనే పురుగు వల్ల వచ్చే గజ్జి కూడా సరిగ్గా ఈ వయసులోనే, మూడో నెల తర్వాత, కళ్ల చుట్టూ, మూతి దగ్గర, ముంగాళ్ల మీద గుండ్రటి బోడి మచ్చలుగా మొదలవుతుంది. మొదట్లో దానికీ దురద ఉండకపోవచ్చు, అందుకే పిల్లబొచ్చు రాలుతోందనుకుని వదిలేస్తారు. పశువైద్యుడు ఆ చోట చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే, పొడుగ్గా పొట్టి కాళ్లతో ఉన్న ఆ పురుగులు కనపడతాయి.